అంధుల స్నోబోర్డింగ్ శిక్షణ

చూపు లేనివారు, చూపు బాగా తక్కువగా ఉన్నవారు మార్గదర్శి మాట ఆసరాగా, మంచు వాలుపై ఒకే పలక మీద జారే క్రీడకు చేసే సాధన ఇది. స్కీయింగ్‌లో ముఖం వాలు దిగువకే ఉంటుంది. స్నోబోర్డుపై మాత్రం పాదాలను పలకకు అడ్డంగా బిగించి, పక్కకు తిరిగి నిలబడాలి. అందుకే ‘కుడి’, ‘ఎడమ’ అంటే తికమక పడే వీలుంది. ‘మడమ’, ‘వేళ్లు’ అంటూ పలక ఏ అంచు మీద ఒరగాలో చెప్పడమే మేలు. మొదట చదును మంచుపై ఒక కాలే బిగించుకుని సాధన, తర్వాత అంచు పట్టి ఆగడం, ఆపై మలుపులు. అరికాలికి తెలిసే మంచు గట్టిదనం, అంచు కోసే చప్పుడు ఇక్కడ కళ్ల పని చేస్తాయి. హెల్మెట్‌లోని రేడియోలో మార్గదర్శి మాట క్షణం ఆలస్యమైనా మలుపు తప్పుతుంది. జోడీ కుదరడమే సగం శిక్షణ.

పారాలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ 2014 సోచీ క్రీడల్లో చేరింది. కానీ అందులోని వర్గాలు కాళ్ల, చేతుల వైకల్యం ఉన్నవారికే. ఆల్పైన్ స్కీయింగ్‌లో దృష్టిలోపం ఉన్నవారికి విడిగా పోటీలున్నాయి: అదే సోచీలో కెల్లీ గలఘర్, మార్గదర్శి షార్లెట్ ఎవాన్స్‌తో కలిసి సూపర్-జీ పోటీ గెలిచి, బ్రిటన్‌కు తొలి శీతాకాల పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. పతకం మార్గదర్శికీ దక్కుతుంది. స్నోబోర్డింగ్‌లోనూ దృష్టిలోపం ఉన్నవారికి ఇలాంటి పోటీలు రావాలి.