పట్టా లేని గూడెం: మన ఇంటి హక్కు చరిత్ర

జోడేఘాట్ పేరు విననివారు మన గూడేల్లో ఉండరు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ కుమ్రం భీంకు జోహార్లు అర్పిస్తున్నాం. జల్, జంగల్, జమీన్ నినాదం మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ నినాదం వెనుక ఒక చిన్న ప్రశ్న ఉంది. తాతల నాటి నుంచి మనం ఉంటున్న ఇంట్లోంచి మనల్ని వెళ్లిపొమ్మనే అధికారం ఎవరికి ఉంది?

పాత రోజుల్లో గోండు గూడెంలో భూమికి కాగితం ఉండేది కాదు. అడవి కొట్టి, ఊరు కట్టి, పెన్‌లను నిలిపినవాళ్లదే ఆ చోటు. పట్ల మాట, పంచ్ తీర్పు చాలు. నిజాం సర్కారు భూములు కొలిచి పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. చదువు వచ్చినవాళ్లు, కచేరీలో పరిచయం ఉన్నవాళ్లు బయటి నుంచి వచ్చి తమ పేర పట్టాలు రాయించుకున్నారు. మనవాళ్లలో చాలామంది శివాయి జమాబందీ కింద శిస్తు కట్టి సాగు చేసుకున్నారు. శిస్తు రశీదు ఉంది కానీ హక్కు లేదు. మరోవైపు అడవికి రిజర్వు గీతలు గీశారు. గీత లోపల పడిన గూడేలు రాత్రికి రాత్రి ఆక్రమణలయ్యాయి. అటవీ సిబ్బంది గుడిసెలు తగులబెట్టారు, చేలు ఖాళీ చేయించారు.

భీం, ఆయన వెంట నడిచినవాళ్లు బాబేఝరి, జోడేఘాట్ పరిసరాల్లోని 12 గూడేలపై హక్కు అడిగింది అందుకే. ముందు అర్జీలు పెట్టారు. అవి పనిచేయనప్పుడే ఆయుధం పట్టారు. 1940లో భీం, ఆయన సహచరులు పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు.

ఆ తర్వాతే సర్కారు కారణాలు వెతికింది. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి మన బతుకును చూశారు. భూమిపై భద్రత లేకపోవడమే అశాంతికి మూలమని సర్కారుకు నివేదించారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1940ల చివరి నాటికి ఆదిలాబాద్ జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసీ కుటుంబాలకు దక్కింది. ఈనాడు మన పెద్దల పెట్టెల్లో ఉన్న పాత పట్టాల్లో కొన్ని ఆ నాటివే. అవి దయతో ఇచ్చినవి కావు, జోడేఘాట్ నెత్తురుతో వచ్చినవి.

పట్టా వచ్చినా భూమి నిలవలేదు. అప్పుల పేర, కౌలు పేర మళ్లీ చేతులు మారింది. అందుకే 1959 నాటి నిబంధనలను సవరిస్తూ 1970లో 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదని అది చెప్పింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తీర్పు ఇచ్చింది.

మనం అడిగినదాన్నే ప్రపంచం కూడా తర్వాత హక్కుగా గుర్తించింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణలో తిండి, బట్టతో పాటు ఇంటినీ చేర్చింది. తగిన ఇల్లు అంటే ఏమిటో 1991లో ఐక్యరాజ్య సమితి కమిటీ ఒకటి వివరించింది. అది చెప్పిన 7 అంశాల్లో మొదటిది నివాస భద్రత. అంటే పట్టా ఉన్నా లేకున్నా, బలవంతంగా వెళ్లగొట్టడం నుంచి, బెదిరింపుల నుంచి రక్షణ ఉండాలి. చివరిది ఇల్లు ఆ జనం సంస్కృతికి తగినట్టు ఉండడం. పెన్ స్థలానికి, చేనుకు, చుట్టపక్కాలకు దూరంగా ఎక్కడో కాలనీలో పక్కా గది ఇచ్చినంత మాత్రాన ఈ హక్కు తీరదు.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చినది 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమిలో ఉంటున్న ఆదివాసీ కుటుంబానికి నివాసానికి, సాగుకు 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తుంది. హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేర ఉంటుంది. వారసులకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. 2019 ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు దేశమంతా ఆదివాసీలు కదిలారు. అదే నెల 28న ఆ ఆదేశం నిలిచిపోయింది. ఈ ప్రమాదం పాత కథ కాదని అప్పుడు తేలింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఒకప్పుడు కాగితం లేదని మన ఇళ్లు పోయాయి. ఈ చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. పాత ఇంటి గోడలు, బావి, శ్మశానం, పెన్ స్థలం కూడా సాక్ష్యాలే. కనీసం రెండు సాక్ష్యాలు ఉండాలి. మొదట పరిశీలించేది మన గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ. గ్రామసభ తీర్మానం అన్యాయమనిపిస్తే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

చదువు రానందున తాతలు పోగొట్టుకున్నదాన్ని చదువుకున్న మనం నిలబెట్టాలి. ఊరు ఎవరు కట్టారు, ఏ చేను ఎవరిది, ఏ బావి ఎప్పుడు తవ్వారు అన్న సంగతులు మన ముసలివాళ్లకే తెలుసు. ఈ ఏడు దండారి అయ్యేలోపు వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటను రాసి, వేలిముద్ర వేయించి గ్రామసభకు అందజేయండి.