వాన, దుప్పి, వేట: నల్లమల ఆధారంగా ఒక పరిశీలన

వేటను రాజవినోదంగా చూసే చరిత్ర రచనలో రాజు ఉంటాడు, విల్లు ఉంటుంది, కూలిన మృగాల లెక్క ఉంటుంది. వాన మాత్రం అరుదుగా కనిపిస్తుంది. దక్కను అడవుల్లో దుప్పివేట సాధ్యాసాధ్యాలను చాలావరకు నిర్ణయించినది నీరే.

నల్లమల వాగుల్లో అధికభాగం వర్షాధారాలు. వేసవి ముదిరేకొద్దీ అవి ఎండి, మడుగులూ చెలమలూ మిగులుతాయి. చుక్కల దుప్పికి నీరు తరచుగా కావాలి కనుక మందలు వాటి చుట్టూ చేరతాయి. ఆకు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది. నీటి దగ్గర మాటు వేసినవానికి మృగాన్ని వెదికే పని ఉండదు. నైరుతి రుతుపవనంతో ఈ సౌలభ్యం చెదిరిపోతుంది. ఎటు చూసినా నీరు, లేతగడ్డి. మందలు అడవంతా పరచుకుంటాయి, పొదలు దట్టమై చూపును అడ్డగిస్తాయి. అంతమాత్రాన వానను వేటగాడి శత్రువుగా మాత్రమే చెప్పలేము. తడిసిన ఆకు అడుగుచప్పుడును మింగుతుంది. మెత్తని నేల తాజా గిట్టల గుర్తును నిలుపుతుంది. అదే వాన జోరందుకుంటే ఆ గుర్తునూ నెత్తుటి చారనూ కడిగివేస్తుంది. గాయపడిన మృగం దక్కదు. వత్తి తుపాకుల కాలంలో చిక్కు ఇంకా పెరిగింది. మందు తడిసినా వత్తి ఆరినా ఆ తుపాకి కర్రతో సమానం.

గ్రంథాలు ఈ విషయంలో పొదుపుగా మాట్లాడతాయి. అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో కౌటిల్యుడు వేటను జూదంతో పోల్చి, వేటలో వ్యాయామం, చలించే గురిని కొట్టే అభ్యాసం, కోపంలోనూ భయంలోనూ మృగచిత్తం తెలియడం వంటి గుణాలు చెప్పాడు. ఆ జాబితాలో ఋతువు లేదు. పరివారంతో బయలుదేరే రాజుకు ఆ బాధ తక్కువ కాబోలు! ఎర్రగుడిలోనూ ఉన్న అశోకుని మొదటి శిలాశాసనం వంటశాలకు రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా నిత్యం కాదు అంటుంది. అయిదో స్తంభశాసనం చాతుర్మాస్య పూర్ణిమల వంటి దినాలలో చేపల వధనూ, ఏనుగుల వనాలలో ఇతర జీవుల వధనూ నిషేధించింది. ఆ పూర్ణిమలలో ఒకటి ఆషాఢంలో, వానల వేళ వస్తుంది. అయినా దీన్ని జింకల సంరక్షణ చట్టంగా చదవడం తొందరపాటే. అక్కడ లెక్క తిథులది, మందల కదలికది కాదు.

ఆ కదలికతో బతుకు ముడిపడినవారు చెంచులు. హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం ప్రకారం విల్లంబులున్నా వారి ఆహారంలో ప్రధానం అడవి గడ్డలూ పండ్లే. మాంసం అదృష్టం మీద, ఋతువు మీద ఆధారపడినది. గడ్డలు తవ్వే కర్ర పట్టిన స్త్రీల శ్రమను పక్కనపెట్టి చెంచును కేవలం వేటగాడిగా చిత్రించడం అందుకే పొరపాటు. ఆ చిత్రణ భారం వారిపైనే పడింది: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత, 1983లో పులుల రక్షిత ప్రాంతంగా మారిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిలో వారి విల్లే నేరసాధనమైంది. అదే అడవిలో నేడు వేట నిరోధక శిబిరాల్లో పహరా కాస్తున్నవారిలో చెంచులున్నారు. వాన వెలిసిన తెల్లవారుజామున తడినేల మీద గిట్టల గుర్తు చదవడం ఇప్పుడు వారి ఉద్యోగంలో భాగం.