చింతకింది మల్లేశం

చింతకింది మల్లేశం (జననం: 1972) లక్ష్మీ ఆసు యంత్ర రూపకర్త. స్వగ్రామం పూర్వపు నల్గొండ జిల్లా ఆలేరు మండలంలోని శారాజీపేట. చేనేత కుటుంబంలో జన్మించి, 6వ తరగతితోనే చదువు మానివేశాడు.

పోచంపల్లి చీరలకు రంగులు అద్దడానికి ముందు, అర్ధవృత్తాకారంలో అమర్చిన మేకుల చుట్టూ దారం చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు చేతిని సుమారు 9,000 సార్లు తిప్పవలసి ఉంటుంది. ఈ పని వలన తల్లి లక్ష్మి అనుభవించిన భుజాల నొప్పియే మల్లేశానికి ప్రేరణ.

చదువు, పెట్టుబడి లేకున్నా 1992లో ప్రయత్నం ప్రారంభించాడు. యంత్రాన్ని ఒకేసారి కాక భాగాలుగా, ఒక్కొక్క చిక్కునూ విప్పుకుంటూ నిర్మించాడు. మధ్యలో ఆగినా లక్ష్యం విడువక, హైదరాబాదులో పనిచేస్తూ 1999లో పూర్తిచేశాడు. కొన్ని గంటల పని సుమారు గంటన్నరకు తగ్గింది. యంత్రానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది.