నలభై మూడేళ్లకు నంబర్ వన్

టెన్నిస్‌లో చాలామందికి ఇరవై, ఇరవై అయిదేళ్లకే పేరు వస్తుంది. ముప్పై అయిదు దాటితే ఎక్కువమంది ఆట మానేస్తారు. కానీ మన బెంగళూరులో పుట్టిన రోహన్ బోపన్నకు రెండు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లూ ఆ వయసు దాటాకే వచ్చాయి. అందుకే ఆయన చరిత్ర నాకు వేరుగా అనిపించింది.

బోపన్న 1980 మార్చి 4న పుట్టారు. పెరిగింది కొడగులో. వాళ్ల నాన్నగారికి అక్కడ కాఫీ తోట ఉంది. 11 ఏళ్ల వయసులో టెన్నిస్ మొదలుపెట్టారు. సర్వీస్ చాలా బలంగా కొట్టేవారు. అయినా సింగిల్స్‌లో 213వ ర్యాంకు దాటి పైకి వెళ్లలేకపోయారు. ఇద్దరు కలిసి ఆడే డబుల్స్‌లోనే తన దారి వెతుక్కున్నారు.

ఆ దారిలో ఆయనకు దొరికిన మంచి జోడీ పాకిస్తాన్ ఆటగాడు ఐసామ్ ఉల్ హక్ ఖురేషీ. "యుద్ధం ఆపండి, టెన్నిస్ మొదలుపెట్టండి" అని ఇద్దరూ ప్రచారం చేశారు. 2010లో వీళ్లు యూఎస్ ఓపెన్ ఫైనల్‌కు చేరారు. ఐక్యరాజ్యసమితిలో ఉండే రెండు దేశాల రాయబారులూ కలిసి కూర్చుని ఆ ఆట చూశారు. అమెరికాకు చెందిన బ్రయన్ సోదరుల చేతిలో ఓడిపోయినా, ఆ జోడీని జనం మర్చిపోలేదు.

మన ఊళ్లో కూడా ఒక గొప్ప ఆట జరిగింది. 2014 సెప్టెంబరులో కబ్బన్ పార్క్ టెన్నిస్ స్టేడియంలో సెర్బియాతో డేవిస్ కప్ పోటీ. బోపన్న, లియాండర్ పేస్ మొదటి రెండు సెట్లు పోగొట్టుకున్నారు. తర్వాత వరసగా మూడు సెట్లు గెలిచి ఆ మ్యాచ్ నెగ్గారు. పోటీలో చివరికి సెర్బియానే 3-2తో గెలిచింది.

2017లో కెనడా అమ్మాయి గాబ్రియేలా దబ్రోవ్‌స్కీతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినప్పుడు ఆయనకు 37 ఏళ్లు. తర్వాత కష్టకాలం వచ్చింది. సైన్స్ పాఠంలో మనం చదివే మృదులాస్థి ఆయన మోకాళ్లలో అరిగిపోయింది. నొప్పి మాత్రలు వేసుకుని ఆడేవారు. 2021లో నెలల తరబడి ఒక్క మ్యాచ్ కూడా గెలవక, ఆట మానేద్దామనుకున్నారు. అయ్యంగార్ యోగా చేశాక నొప్పి తగ్గిందని ఆయనే చెప్పారు. ఆ యోగాకు పేరు తెచ్చిన బి.కె.ఎస్. అయ్యంగార్‌ది మన పక్కనే ఉన్న కోలారు జిల్లా.

2024 జనవరి 27న ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి 7-6, 7-5తో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. రెండు రోజులకు డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 43 ఏళ్లకు మొదటిసారి ఆ స్థానానికి వచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ ఏడాదే పద్మశ్రీ వచ్చింది. 2025 నవంబరులో ఆట నుంచి తప్పుకున్నారు.

మా అన్నయ్యకు పీయూసీలో ఒక సబ్జెక్టు పోతే బంధువులు "ఇక వీడి పని అయిపోయింది" అన్నారు. అప్పుడు అన్నయ్యకు 17 ఏళ్లే! బోపన్నకు అండగా నిలిచే కుటుంబం ఉంది, అందరికీ అన్నేళ్లు ఆగే వీలుండదు, నిజమే. కానీ ఆగలేకపోవడం వేరు, అయిపోయిందని పక్కవాళ్లు తేల్చేయడం వేరు. పెద్దలు ఆ మాట అనేముందు ఒక్కసారి బోపన్న వయసు లెక్కేసుకోవాలని నా మనవి.