ఆయాకు పాఠం ఎవరు చెప్పాలి? పాతబస్తీలో సేవా శిక్షణ చరిత్ర

దారుల్‌షిఫా అంటే ఇప్పటివాళ్ళకు హైదరాబాద్ పాతబస్తీలో ఒక చౌరస్తా, ఒక ఆటస్థలం, మొహర్రం ఊరేగింపు సాగే దారి. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా అక్కడ కట్టించింది రెండంతస్తుల ఆస్పత్రి. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రోగుల గదులు. యునానీ వైద్యం నేర్పే పాఠశాల కూడా అందులోనే నడిచేది. చికిత్స ఉచితం, ఖర్చు పాలకులది. రోగిని చూసుకునే మనిషిని తయారుచేయడం ఖజానా పనేనన్న ఆలోచన ఈ ఊళ్ళో నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉంది. ఆ ఖర్చు ఎవరి చదువుకు అందింది, ఎవరిని దాటి వెళ్ళిపోయింది అన్నది తెలియాలంటే కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

అసఫ్‌జాహీల కాలంలో ఖజానా చెయ్యి వైద్యుల వైపు బాగానే సాగింది. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది. తొలి రోజుల్లో పాఠాలు ఉర్దూలోనే. 1885లో ఆ స్కూలు బాధ్యత చూసిన ఎడ్వర్డ్ లారీ హయాంలో ఆడపిల్లలకూ తలుపులు తెరిచారు. అప్పుడు చేరిన ఐదుగురిలో రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత క్లోరోఫామ్ ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. క్లోరోఫామ్ మీద 1888, 1889లో ఇక్కడ జరిగిన పరిశోధనలకు డబ్బిచ్చింది నిజాం ప్రభుత్వమే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని మింగేసింది. ఆ తర్వాత నది ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి లేచింది. పాతబస్తీ జనం జజ్గీఖానా అని పిలుచుకునే ప్రసూతి ఆస్పత్రులు, పురానీ హవేలీలో నిజాం కోడలు దురుషెవార్ పేరిట పిల్లల ఆస్పత్రి వచ్చాయి. డాక్టరుకు, నర్సుకు, మంత్రసానికి చదువు చెప్పాలని, దానికి డబ్బు పెట్టాలని పాలకులకు తెలుసు.

ముసలివాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

దేశంలో ఆరోగ్య సేవలపై 1946 నాటి భోర్ కమిటీ నివేదిక నర్సుల కొరత గురించి వివరంగా మాట్లాడింది. 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. పక్షవాతంతో మంచాన పడిన మామగారిని చూసుకునేది మాత్రం కోడలే. కాస్త కలిగిన ఇల్లయితే ఒక ఆయాను పెట్టుకునేవారు. ఆస్పత్రి వార్డులో ఇంకో ఆయా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఆమె చదువు. తరగతి లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు. చేతికొచ్చిన పనికి గుర్తింపూ లేదు.

పాతబస్తీ పేదరికం మీద ప్రభుత్వం దృష్టి పెట్టాక కూడా ఇది మారలేదు. 1967లో హైదరాబాద్‌లో పట్టణ సముదాయాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. మురికివాడల్లో పని చేయడంలో అది దేశానికే దారి చూపింది. 1978లో జంటనగరాల నిరుద్యోగుల కోసం సెట్విన్ పుట్టింది. 1981లో కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. సెట్విన్ పేరు చెబితే నగరవాసికి ముందుగా చిన్న బస్సులు గుర్తొస్తాయి, ఆ తర్వాత కుట్టు, కంప్యూటర్ తరగతులు. ఆడవాళ్ళ ఉపాధి అంటే కుట్టుమిషనే అన్న ఊహ రాష్ట్రమంతటా ఉండేది. అప్పటికే ఈ బస్తీల ఆడవాళ్ళు ఎందరో ఖద్దామాలుగా, అంటే ఇంటి పనివాళ్ళుగా, గల్ఫ్ దేశాలకు వెళ్ళి పరాయి ఇళ్ళలో వంట చేస్తున్నారు, పిల్లలను పెంచుతున్నారు, ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తున్నారు. వాళ్ళు చేస్తున్నది నైపుణ్యంతో కూడిన పని అని ఏ శాఖా గుర్తించలేదు.

తొలి మార్పు వైకల్యం ఉన్నవారి సేవ వైపు నుంచి వచ్చింది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. ఈ రంగంలో పనిచేసేవాళ్ళ చదువుకు ప్రమాణాలు పెట్టడానికి 1992లో పునరావాస మండలి చట్టం తెచ్చారు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆ ట్రస్టే తర్వాత సహయోగి పథకం పెట్టి సంరక్షకులకు శిక్షణ ఇప్పించింది. వృద్ధుల జాతీయ విధానం వెలువడింది కూడా 1999లోనే. ఆ మరుసటి ఏడాది నుంచి కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఉన్న మరో జాతీయ సంస్థ వృద్ధుల సంరక్షణలో ఏడాది, ఆరు నెలల కోర్సులు నడిపింది. 2011 జనగణన నాటికి దేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైనే. అంతమందికి ఆ కోర్సులు ఏ మూలకూ సరిపోవు.

అసలు డబ్బు నైపుణ్య పథకాలతో వచ్చింది. పాతబస్తీకి అది వచ్చిన తీరు చూడాలి. గ్రామీణ యువతకు వసతితో కూడిన శిక్షణ ఇచ్చే దీనదయాళ్ పథకం 2014లో మొదలైంది. పల్లె పేదల కోసం పెట్టింది కాబట్టి పాతబస్తీలోని యాకుత్‌పురా అమ్మాయికి అందులో చోటు లేదు. ఆమెకు మిగిలినవి పట్టణ జీవనోపాధుల మిషన్, మైనారిటీల కోసం 2013-14లో వచ్చిన సీఖో ఔర్ కమావో. పట్టణ మిషన్‌లో ఒక మనిషి శిక్షణకు పెట్టిన పరిమితి 15,000 రూపాయలు.

2015 జులైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. ఆస్పత్రిలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఇంటి దగ్గర హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కొలువులకు అందులో జాతీయ పాఠ్యక్రమం దొరికింది. ఆ పాఠంలో పెద్ద పెద్ద మాటలేమీ ఉండవు. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడాలి. పక్షవాతం వచ్చినవారికి చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి ఎక్కించాలి, విప్పేటప్పుడు అదే చివర. అన్నం కూర్చోబెట్టి పెట్టాలి, తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. ఈ చిన్న సంగతులు తెలియకే ఎన్నో ఇళ్ళలో మంచం పుండ్లు పడతాయి, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీటిని నేర్పడానికి ప్రభుత్వం పెట్టే రూపాయి నూటికి నూరుపాళ్ళూ న్యాయమైన ఖర్చు.

ఆ రూపాయి ఎటు వెళ్ళిందో కూడా చూడాలి. మొదటి విడతలో ఉత్తీర్ణులైనవారికే నగదు బహుమతి ఇచ్చారు. 2016లో మొదలైన రెండో విడతలో ఫీజు శిక్షణ కేంద్రానికి వెళ్ళింది: తరగతి మొదలయ్యాక 30 శాతం, సర్టిఫికెట్ వచ్చాక 50, ఉద్యోగం దొరికాక 20. నాలుగో విడతకు వచ్చేసరికి ఉద్యోగంతో ముడి తీసేశారు. నెలల తరబడి తరగతికి వచ్చే మనిషి రోజుకూలి పోగొట్టుకుంటుందన్న లెక్క ఈ పద్ధతిలో ఎక్కడా లేదు. లాడ్‌బజార్ గాజుల పని వదులుకుని వచ్చే ఇల్లాలికి అది చిన్న నష్టం కాదు.

ఆ లెక్క ఒక్కసారి సరిగ్గా వేశారు. కోవిడ్ రెండో కెరటం తర్వాత, 2021 జూన్ 18న, లక్షమందికి ఆరు రకాల కొలువుల్లో శిక్షణ మొదలుపెట్టారు. ఇంటి దగ్గర సంరక్షణ అందులో ఒకటి. కేటాయింపు 276 కోట్లు. తరగతి తర్వాత సుమారు మూడు నెలలు ఆస్పత్రుల్లో పని, స్టైపెండ్, భోజనం, వసతి, రెండు లక్షల ప్రమాద బీమా. అవసరం మీదికొచ్చినప్పుడు ప్రభుత్వానికి దారి తెలుసని అది రుజువు చేసింది. ఆ ఏర్పాటు మహమ్మారితోపాటే ముగియడం తప్పు.

ఇప్పుడు శిక్షణకు కొత్త ఊపు విదేశాల నుంచి వస్తోంది. 2023లో ఇజ్రాయెల్‌తో కుదిరిన ఒప్పందంలో 8,000 మంది సంరక్షకుల మాట ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్, జర్మనీ కొలువులకు భాషతో సహా నేర్పిస్తోంది. వెళ్ళేవాళ్ళు వెళ్ళాలి, సంపాదించుకోవాలి. ఇక్కడి ఇరుకు గల్లీల్లో, నిటారు మెట్లెక్కి వెళ్ళే పై వాటాల్లో మంచాన పడి ఉన్నవారికీ ఒక మనిషి కావాలి.

కేరళ ఈ ముడిని చాలావరకు విప్పింది. 2008లో ఉపశమన సంరక్షణకు విధానం ప్రకటించి, మూడు నెలల కోర్సు చేసిన నర్సులను పంచాయతీల ఖర్చుతో ఇళ్ళకు పంపింది. శిక్షణకూ జీతానికీ ఒకే చోట నుంచి డబ్బు రావడం అక్కడి బలం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ఒక్కో దవాఖానాకు స్థానికంగా ఇద్దరు ఆడవాళ్ళను తీసుకుని, ఉర్దూలో, తెలుగులో పాఠం చెప్పి, నేర్చుకునే నెలల్లో స్టైపెండ్ ఇచ్చి, ఆ తర్వాత అక్కడి నర్సు పర్యవేక్షణలో జీతం మీద ఇళ్ళకు పంపడానికి కొత్త భవనాలేవీ అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ వచ్చే బడ్జెట్‌లో ఆ పని పాతబస్తీ నుంచే మొదలుపెట్టాలి.