వార్డెన్ సంతకం ఎవరి సమ్మతి?

పిల్లలపై పరిశోధనకు సమ్మతి ఎవరు ఇవ్వాలి? 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి స్వచ్ఛంద సమ్మతిని మొదటి సూత్రంగా నిలిపింది. అయితే అది చట్టపరంగా సమ్మతి ఇవ్వగలవారిని ఉద్దేశించినదే. మైనర్ల విషయంలో 1964 హెల్సింకీ ప్రకటన చట్టబద్ధ సంరక్షకుల సమ్మతిని కోరింది. మరి తల్లిదండ్రులకు దూరంగా హాస్టల్లో చదివే బాలికకు సంరక్షకులు ఎవరు? ఈ చిక్కు మన ఖమ్మం జిల్లాలోనే బయటపడింది.

2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాల సహకారంతో ఖమ్మం, వడోదర జిల్లాల్లో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేయించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఇది. ఖమ్మంలో టీకా వేయించుకున్నవారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. దీన్ని పరిశోధన అనకుండా 'ప్రదర్శక ప్రాజెక్టు' అన్నారు. అసలు మెలిక ఆ పేరులోనే ఉందని చెప్పవచ్చు. ఏడుగురు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ సంఘం తేల్చలేదు. చాలామంది పాఠకులు ఇక్కడే ఆగిపోతారు. మీరు మాత్రం సమ్మతి పత్రాల వైపు చూడండి. 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతోనూ, 2,763 వార్డెన్లు లేదా ప్రధానోపాధ్యాయుల సంతకాలతోనూ ఉన్నాయి. వేలిముద్ర వేయడం తప్పు కాదు. కాగితంలో ఏముందో ఆ తల్లికో తండ్రికో ఎవరైనా చదివి వినిపించారా అన్నదే ప్రశ్న. వార్డెన్ సంతకం సంగతి వేరు. బాలిక బాగోగులు చూసే ఉద్యోగి తల్లిదండ్రుల స్థానంలో నిర్ణయం తీసుకున్నాడు. ఒక్కరికీ హాని జరగకపోయినా ఈ లోపం లోపమే.

బాలిక మాట ఏమిటి? వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారాన్నీ కోరాయి: 7–12 ఏళ్ల వారిది మౌఖికంగా, 12–18 ఏళ్ల వారిది రాతపూర్వకంగా.

ప్రాజెక్టు పని కోసం మీరు ఏ ఉన్నత పాఠశాలకో ప్రశ్నావళితో వెళ్లవచ్చు. ప్రధానోపాధ్యాయుడి అనుమతితో గేటు దాటగలరు, అంతే. ఇంటి నుంచి సమ్మతి పత్రం వచ్చాక కూడా, తొమ్మిదో తరగతి అమ్మాయి "నేను చెప్పను సార్" అంటే ఆ ప్రశ్నావళిని ఖాళీగానే వెనక్కి తీసుకోండి.