తారాపూర్ ఇంధనం: హక్కు, తనిఖీ, ఇచ్చిన మాట

1978 ఏప్రిల్‌లో అమెరికా అణు నియంత్రణ సంఘం ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. భారతదేశంలోని తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి సుమారు 7.6 టన్నుల యురేనియం ఇంధనాన్ని ఎగుమతి చేయడానికి అనుమతి కోరడం దాని సారాంశం. సంఘ సభ్యులు రెండుగా, సమానంగా చీలిపోవడంతో అనుమతి లభించలేదు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రత్యేక ఉత్తర్వు జారీచేసి ఆ ఇంధనాన్ని పంపించారు. అప్పటికి పదిహేనేళ్ళ క్రితమే రెండు ప్రభుత్వాలూ సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం ఆ ఇంధనం రావలసిందే. మరి ప్రతి విడతకూ అంత పోరాటం ఎందుకు అవసరమయింది?

అభివృద్ధి చెందుతున్న దేశానికి అణువిద్యుత్తుపై ఉన్న హక్కు, ఆ దేశం అంగీకరించవలసిన అంతర్జాతీయ పర్యవేక్షణ – ఈ రెండింటి మధ్య సంబంధం ఎలా ఉండాలన్నది నేటికీ తెగని చర్చ. తారాపూర్ కథ ఆ చర్చకు ఒక పాత, స్పష్టమైన ఉదాహరణ. ఇందులో ఏ పక్షమూ పూర్తిగా నిర్దోషి కాదు.

రెండు తరగతుల దేశాలు

1953 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ‘శాంతి కోసం అణువు’ అన్న ప్రతిపాదన చేశారు. అణుశక్తిని విద్యుత్తుకు, వైద్యానికి, వ్యవసాయానికి వాడుకోవడంలో ఇతర దేశాలకు సాయపడతామని దాని భావం. 1955 ఆగస్టులో జెనీవాలో శాంతియుత అణుశక్తిపై జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సుకు హోమీ భాభా అధ్యక్షత వహించారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశానికి చెందిన శాస్త్రవేత్తకు ఆ పీఠం దక్కడం నాటి ఆశావహ వాతావరణానికి గుర్తు.

మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమావళి మీద చర్చ జరిగినప్పుడు చిక్కు బయటపడింది. రియాక్టరులో వాడే యురేనియానికీ బాంబులో వాడే యురేనియానికీ మూలపదార్థం ఒకటే. ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి పనికివచ్చే 235 ఐసోటోపు 0.7 శాతం మాత్రమే ఉంటుంది. తారాపూర్ వంటి రియాక్టరుకు ఆ పాలు మూడు శాతం లోపు ఉంటే చాలు. ఆయుధానికి తొంభై శాతం దాకా పెంచాలి. పైగా రియాక్టరులో మండిన ఇంధనం నుండి ప్లుటోనియాన్ని వేరుచేయవచ్చు, దానితోనూ బాంబు చేయవచ్చు. కాబట్టి సాయం పొందిన పదార్థం ఎటు పోతున్నదో చూసే తనిఖీదారు ఉండక తప్పదు.

ఆ అవసరాన్ని భాభా కాదనలేదు. ఆయన అభ్యంతరం వేరు. సాయం కోరిన దేశాల మీదే తనిఖీ పడితే, సొంత వనరులున్న దేశాలు, అణ్వాయుధ దేశాలు దాని పరిధిలోకే రావు. అప్పుడు ప్రపంచం తనిఖీ చేసేవారుగా, తనిఖీకి లోబడేవారుగా విడిపోతుందని ఆయన వాదించారు. కొన్ని సవరణల తరవాత నియమావళి ఆమోదం పొంది, 1957 జులై 29న సంస్థ ఏర్పడింది. భాభా ఎత్తిచూపిన విభజన మాత్రం అలాగే మిగిలింది. 1970లో అమలులోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం దానికి ఒక తేదీ కూడా ఇచ్చింది: 1967 జనవరి 1కి ముందు అణుపేలుడు జరిపిన దేశాలే అణ్వాయుధ దేశాలు. అదే ఒప్పందం నాలుగవ అధికరణం శాంతియుత అణుశక్తిని అన్ని దేశాలకూ ఉన్న హక్కుగా గుర్తించింది. ఆరవ అధికరణం అణ్వాయుధ దేశాలను నిరాయుధీకరణ చర్చలకు కట్టుబడమన్నది. తనిఖీ షరతు వెంటనే అమలయింది, నిరాయుధీకరణ వాయిదా పడుతూ వచ్చింది. భారతదేశం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు.

ముప్పై ఏళ్ళ ఒప్పందం

తారాపూర్ ఒప్పందం వీటికంటె ముందుది. 1963 ఆగస్టు 8న భారత్, అమెరికా దానిపై సంతకాలు చేశాయి. గడువు ముప్పై సంవత్సరాలు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలో రెండు రియాక్టర్లు నిర్మించింది. 1969 అక్టోబరులో అవి వాణిజ్యస్థాయిలో విద్యుదుత్పత్తి ప్రారంభించాయి. భారతదేశపు తొలి అణువిద్యుత్ కేంద్రం అదే.

ఒప్పందంలోని రెండు షరతులు తరవాతి కథకు కీలకం. తారాపూరుకు కావలసిన సుసంపన్న యురేనియం మొత్తాన్ని అమెరికా అమ్ముతుంది. భారతదేశం ఆ కేంద్రంలో అమెరికా ఇచ్చిన ఇంధనాన్నే వాడుతుంది. అంటే కొనేవారికి మరొక దుకాణం లేదు. ఇందుకు బదులుగా ఆ ఇంధనంపై తనిఖీకి భారతదేశం ఒప్పుకుంది. 1971 జనవరిలో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందంతో ఆ తనిఖీ బాధ్యత అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు బదిలీ అయింది. 1956లో అంత గట్టిగా వాదించిన భాభాయే ఈ ఏర్పాటుకు అంగీకరించారన్నది గమనించాలి. అమ్మిన సరుకు మీద తనిఖీ, తనిఖీకి బదులుగా నమ్మకమైన సరఫరా – ఇది ఇచ్చిపుచ్చుకునే బేరం. దేశంలోని అణు కార్యక్రమమంతటినీ పరాయి తనిఖీకి అప్పగించడం దానిలో భాగం కాదు.

హైదరాబాదులో ఒక మజిలీ

ఈ కథకు తెలుగునేలతో నేరుగా సంబంధం ఉంది. అమెరికా నుండి వచ్చే యురేనియం హెక్సాఫ్లోరైడ్ రసాయనం ముందుగా హైదరాబాదు మౌలాలి ప్రాంతంలోని అణు ఇంధన సముదాయానికి చేరేది. 1971లో నెలకొన్న ఆ కర్మాగారంలో దానిని ఆక్సైడుగా మార్చి, బిళ్ళలుగా చేసి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలలో నింపి, కట్టలు కట్టి తారాపూరుకు పంపేవారు. అందుచేత అంతర్జాతీయ తనిఖీదారులు హైదరాబాదుకూ వచ్చేవారు. అదే ప్రాంగణంలో స్వదేశీ యురేనియంతో ఇతర రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది. దానికి వారి తనిఖీ లేదు. భారత విధానం ఆ ఒక్క ఆవరణలోనే కనిపించేది: పరాయి సరుకుకు లెక్క చెబుతాం, సొంత సరుకుకు చెప్పం.

పోఖ్రాన్ నీడ

1974 మే 18న భారతదేశం పోఖ్రాన్‌లో అణుపేలుడు జరిపింది. దానికి వాడిన ప్లుటోనియం తారాపూర్‌ది కాదు; ట్రాంబేలోని సైరస్ రియాక్టరుది. ఆ రియాక్టరును కెనడా ఇచ్చింది, అందులోని భారజలాన్ని అమెరికా సమకూర్చింది, రెండూ శాంతియుత ప్రయోజనాలకే అన్న హామీపై. జరిపినది ‘శాంతియుత అణుపేలుడు’ కనుక హామీని మీరలేదని భారత ప్రభుత్వం అన్నది. కెనడా ఆ భాష్యాన్ని అంగీకరించక అణుసహకారాన్ని తెంచుకుంది. ఆ ప్రయోగానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్తల్లో ఒకరైన రాజా రామన్న 1997లో అది బాంబేనని ఒప్పుకున్నారు. సైరస్ విషయంలో భారతదేశం మాటలోని అక్షరాన్ని పట్టుకొని అర్థాన్ని వదిలేసిందన్న విమర్శకు ఇంతవరకు సరైన సమాధానం లేదు.

అయితే శిక్ష పడింది తారాపూర్ మీద. నియమం తప్పలేదని తనిఖీదారులు ధ్రువీకరిస్తూ వచ్చిన కేంద్రమది. 1978 మార్చి 10న అమెరికాలో అణువ్యాప్తి నిరోధక చట్టం వచ్చింది. అణు కార్యక్రమం మొత్తాన్ని అంతర్జాతీయ తనిఖీకి తెరిచిన దేశాలకే ఇంధనం ఎగుమతి చేయాలన్నది దాని షరతు. రెండేళ్ళ గడువు ఇచ్చారు. 1963 ఒప్పందంలో అటువంటి షరతు లేదు. ఒక దేశపు చట్టసభ చేసిన శాసనం రెండు దేశాల ఒప్పందాన్ని మార్చజాలదని మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వాదించింది. తమ దేశపు చట్టాన్ని కాదని ఎగుమతి చేయలేమన్నది అమెరికా వాదన.

1980లో నియంత్రణ సంఘం మరో రెండు విడతలను, దాదాపు 38 టన్నులను, ఏకగ్రీవంగా తిరస్కరించింది. కార్టర్ మళ్ళీ ఉత్తర్వు ఇచ్చారు. ప్రతినిధుల సభ 298–98 ఓట్లతో దానిని వ్యతిరేకించింది. సెనేట్‌లో 48–46 తేడాతో అది బతికింది. ఒక మహానగరానికి కరెంటు పంపే కేంద్రం భవితవ్యం మరొక ఖండంలో రెండు ఓట్ల మీద వేలాడింది. చివరికి 1982లో, ఇందిరాగాంధీ, రోనాల్డ్ రీగన్ల సమావేశం తరవాత, అమెరికాకు బదులు ఫ్రాన్స్ ఇంధనం ఇచ్చేలా రాజీ కుదిరింది. 1993లో ఒప్పందం ముగిశాక చైనా, తరవాత రష్యా సరఫరా చేశాయి.

వాడిన ఇంధనం కథ మరొకటి. దానిని పునఃశుద్ధి చేయాలంటే ఉభయ దేశాలూ కలసి నిర్ణయించాలని ఒప్పందం చెప్పింది. ఆ నిర్ణయం ఎన్నడూ జరగలేదు. అమెరికా దానిని తిరిగి తీసుకుపోనూ లేదు. తారాపూర్‌లోని నీటితొట్లలో అది పేరుకుపోయింది.

2008లో రాసుకున్న పాఠం

2005లో మొదలైన భారత్-అమెరికా చర్చల్లో ఇంధన సరఫరా హామీ కోసం భారత ప్రతినిధులు అంతగా పట్టుబట్టడానికి కారణం ఈ జ్ఞాపకమే. భారతదేశం 22 రియాక్టర్లలో 14ను పౌర విభాగంగా వేరుచేసి తనిఖీకి ఒప్పుకుంది. 2008 ఆగస్టు 1న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పాలకమండలి ఆమోదించిన ఒప్పంద పీఠికలో, విదేశీ ఇంధనం ఆగిపోతే రియాక్టర్లు నిరంతరాయంగా నడవడానికి భారతదేశం దిద్దుబాటు చర్యలు తీసుకోవచ్చన్న మాట చేరింది. రియాక్టర్ల జీవితకాలానికి సరిపడే ఇంధన నిల్వకు అమెరికా మద్దతు ప్రకటించింది. సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది. 1974 పేలుడు తరవాత పుట్టిన బృందమే అది.

అయితే ఇది మినహాయింపే గాని సాధారణ నియమం కాదు. పెద్ద మార్కెట్టు, రాజకీయ బరువు ఉన్న దేశానికి దక్కిన ఈ వెసులుబాటు ఆ బలం లేని దేశానికి దక్కదు. భాభా చెప్పిన విభజనలో భారతదేశం ఒక మెట్టు పైకి జరిగింది. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. అదే కాలంలో, 2005 సెప్టెంబరులోనూ 2006 ఫిబ్రవరిలోనూ, ఇరాన్ అణు కార్యక్రమంపై వచ్చిన తీర్మానాలకు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. తాను సంతకం చేసిన ఒప్పందానికి ఇరాన్ కట్టుబడాలన్నది దాని వాదన. ఆ వాదనలో న్యాయం ఉంది. తారాపూర్ విషయంలో భారతదేశం అమెరికాను అడిగిందీ, సైరస్ విషయంలో కెనడా భారతదేశాన్ని అడిగిందీ అదే.

2017 ఆగస్టులో కజకిస్తాన్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఒక ఇంధన నిధిని ప్రారంభించింది. అక్కడ 90 టన్నుల స్వల్పసంపన్న యురేనియం నిల్వ ఉంది. బయటి సరఫరా ఆగిపోయి, మార్కెట్టులో ఇంధనం దొరకని సభ్యదేశం దానిని కొనుక్కోవచ్చు, ఏ చట్టసభ ఓటు కోసమూ ఎదురుచూడకుండా. 1978లో అటువంటి నిధి ఉన్నా తారాపూరుకు అందేది కాదు, ఎందుకంటే సమగ్ర తనిఖీకి ఒప్పుకున్న దేశాలకే ఆ అర్హత. అయినా తారాపూర్ చెప్పిన పాఠంలో సగమైనా అందులో అమలయింది: తనిఖీకి తలవంచిన దేశానికి ఇంధనం ఆగకూడదు. మిగిలిన సగం, తనిఖీదారును పంపే దేశాలు తాము చేసిన నిరాయుధీకరణ వాగ్దానాన్ని నిలుపుకోవడం, ఇంకా కాగితం మీదే ఉంది.